రెండు నత్తల యింటి క్రిమి



కంచరగాడిదను మీరందఱెఱుగుదురు. అది బరువు మోయును గాని పిల్లను కనదు. కావున రెండు జాతుల సంకరము ఒక్క తరముతో ముగియునని మనకొక నమ్మకము. నేనును బడిలో పిల్లలకట్లే చెప్పుచుంటిని. ఆ మాట యన్నిటికిని చెల్లదని పదవి విడిచిన పిదప చదివి తెలిసికొంటిని.

ఆఫ్రికాఖండమున మూత్రముతో రక్తము పడు రోగమొకటి బహుకాలముగా నున్నది. దానికి మూలమైన క్రిమిని 1851లో కైరోనగరమున బిల్హార్జ్ అను జర్మను వైద్యుడు కనుగొనెను. మగక్రిమి తన యొడలి మడతలో ఆడుక్రిమిని పొదివికొని, మూత్రాశయము చుట్టునున్న రక్తనాళములలో ఏండ్లతరబడి కాపురము చేయును. గ్రుడ్లు మూత్రముతో నీటబడి పగులును. అందుండి వెడలిన పిల్ల యొకటి రెండు దినములలోపలనే తగిన నత్తను చేరవలెను, చేరనిచో చచ్చును. నత్తలోపల నొక్కటి వేలుగా పెరిగి, మరల నీటికి వచ్చి, స్నానము చేయువాని చర్మమును తొలుచుకొని లోనికి పోవును.

ఏ నత్తయైనను చాలునా? చాలదు. ఒక్కొక్క క్రిమిజాతికి కొన్ని నత్తలు మాత్రమే యిల్లు. ఈ కట్టుబాటే జాతులను చాలవఱకు వేఱుగా నుంచినది.

కామెరూనుదేశమున లూమ్ అను పట్టణము కలదు. అచ్చట మొదట ప్రేగుల నాశ్రయించు జ్ఞాతిక్రిమి యొకటియే యుండెడిది. చుట్టునున్న యడవి నఱకబడగా మూత్రక్రిమికి తగిన వేఱొక నత్త యచ్చట వ్యాపించెను. దాని వెంట 1968 ప్రాంతమున మూత్రక్రిమియు వచ్చెను. మనుష్యుని యొడలిలో రెండును కలిసికొనెను. పుట్టిన సంతతి గొడ్డుపోలేదు సరికదా, తల్లి వంకనత్తలోను తండ్రి వంకనత్తలోను బ్రదుకగలిగెను! సాంకర్యము జాతికి బాధకమని తర్కశాస్త్రమున వల్లించితిని; ఈ క్రిములు మాత్రము ఆ శాస్త్రము చదివినట్లు లేదు. పైగా మూత్రక్రిమి మగవి జ్ఞాతుల యాడువానిని లాగికొనునంతటి బలము గలవి. ఆ శతాబ్దము ముగియునప్పటికి పాతక్రిమి లూమ్ లో దాదాపు మాయమైనది.

ఇంతకంటె చిత్రమైనది మఱియొకటి. సెనెగలుదేశమున మనుష్యుల మూత్రక్రిమియు పసుల క్రిమియు కలిసి సంకరమైనవని 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కొలది యేండ్లకే నెపోలియను పుట్టిన కోర్సికాద్వీపమున, కావు అను నదిలో ఈతలాడినవారికి రక్తమూత్రము కనబడెను. 2014లో వైద్యులు దానిని గుర్తించిరి. రోగులు నూర్గురకు మించిరి. పరీక్షింపగా క్రిమి సెనెగలు వంశపు సంకరమని తేలినది. ఆ నదిలో నత్త ముందే యున్నది. వ్యాధి మాత్రము లేదు. రోగి యొక్కడు నీట దిగుటయే చాలినది.

ప్రాజిక్వాంటెల్ అను మాత్ర మనుష్యునిలోని క్రిములను చంపును. పశువులో దాగిన క్రిమిని అది యేమి చేయగలదు? మనుష్యునికి మందిచ్చి యూరకున్న యెడల పసులమంద త్రాగు రేవుననే రోగము మరల పుట్టవచ్చును. అందుచేతనే యిప్పుడచ్చటి పరీక్షకులు మూత్రపు సీసాలతోపాటు పేడను, నత్తలను గూడ పరీక్షించుచున్నారు.