వేలు పడని చేతులు

ఆఫీసు గోడకు తగిలించిన వేలిముద్ర యంత్రం మనిషిని గుర్తుపడుతుందని అనుకుంటాం. నిజానికి అది పోలికను లెక్కకడుతుంది, అంతే. మొదటిసారి వేలు పెట్టినప్పుడు గీతలు ఎక్కడ ఆగాయో, ఎక్కడ రెండుగా చీలాయో కొలిచి టెంప్లేట్ అనే అంకెల పట్టీగా దాచుకుంటుంది. తర్వాత పెట్టిన ప్రతి వేలినీ ఆ పట్టీతో పోల్చి మార్కులు వేస్తుంది. హద్దు దాటితే తాళం విడుతుంది, లేకుంటే లేదు. ఆ హద్దు ఎక్కడుండాలో తేల్చేది మనుషులే. పెంచితే పరాయివాళ్లు లోపలికి రావడం తగ్గుతుంది, కానీ సొంతవాళ్లు బయట నిలబడిపోవడం పెరుగుతుంది. తగ్గిస్తే ఇదే తలకిందులవుతుంది. రెండు తప్పులూ ఒకేసారి సున్నా కావు. కాబట్టి ఏ తప్పును ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న. దానికి ఆఫీసు తలుపు దగ్గర చెల్లే జవాబు రేషన్ షాపు దగ్గర చెల్లదు.

ఈ విద్యకు పురుడు పోసింది మన దేశమే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టరు ఒప్పందపత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. ముద్రలను వర్గాలుగా విడగొట్టే పద్ధతికి లెక్క కుదిర్చినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం వాళ్ల పైఅధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. ఆ రోజుల్లో ముద్రను చూసేది నిపుణుడి కన్ను. ముద్ర సరిగా పడలేదు, ఏమీ చెప్పలేను అనే వీలు ఆ కంటికి ఉండేది. గోడమీది యంత్రానికి తెలిసినవి రెండే మాటలు: అవును, కాదు.

నిజామాబాద్‌లో ఈ లోటు ఎక్కువగా బయటపడుతుంది. జిల్లాలో ఊరూరా ఆడవాళ్లు బీడీలు చేస్తారు. తడిపిన తునికాకును కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టే పనిలో రోజంతా అరిగేది వేళ్ల కొసలే. చెరకు పనిదీ ఇదే కథ. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చుట్టుపక్కల చెరకు తగ్గింది గాని పోలేదు. నరకడం, ఆకు ఒలవడం చేతులతోనే. యంత్రపు అద్దం మీద గీతల ఉబ్బు తాకిన చోట లోపలి కాంతి తిరిగి రాకుండా చెదురుతుంది, పల్లపు చోట పూర్తిగా వెనక్కి వస్తుంది. ఆ తేడాయే బొమ్మ. ఉబ్బు అరిగినా, చర్మం ఎండినా తేడా చెరుగుతుంది. పరికరంలో ఏ చెడూ లేకపోయినా వేలు పడదు. కంప్యూటరు ముందు కూర్చునేవారికి ఈ బెడద తక్కువ. బీడీ పింఛనుకో బియ్యానికో వచ్చినవారికే ఎక్కువ. ఆఫీసులో వేలు పడకపోతే రిజిస్టర్లో సంతకం పెట్టించుకుంటారు. డీలరు దగ్గర వేలు పడకపోతే ఆ పూట బియ్యం దక్కకపోవచ్చు.

దొంగ పేర్లు, దళారులు పోవాలంటే ఇంత కఠినం తప్పదంటారు. ఆ మాటలో నిజముంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులపై జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది: ఉపాధి కూలి త్వరగా అందింది, మధ్యలో కారిపోయే డబ్బు తగ్గింది. కానీ అక్కడ కార్డు లేనివారికి చెల్లింపు ఆపలేదన్నది మరచిపోకూడదు. కార్డు లేకుండా తీసుకునే మరో దారి ఉన్నప్పటికీ కాదు, ఉండబట్టే ఆ ఫలితం జనానికి మేలైందని నా అభిప్రాయం. పైగా కఠినంగా ఉంటే మోసం జరగదన్న నమ్మకమూ నిలవదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది ముద్రలనుంచి నకిలీ వేళ్లు తయారుచేసి దొరికిపోయాడు. నకిలీ వేలిని ఒప్పుకున్న యంత్రం బీడీలు చేసే అసలు వేలిని ఒప్పుకోకపోవచ్చు. తెలంగాణ రేషన్ షాపుల్లో 2021లో కనుపాపతో గాని ఫోనుకు వచ్చే ఓటీపీతో గాని సరుకులిచ్చే ఏర్పాటు వచ్చింది. ఓటీపీకి ఫోను కావాలి, అదీ ఆధార్‌కు జోడించిన నంబరే. అది కొడుకు జేబులో ఉండి, కొడుకు గల్ఫ్‌లో ఉంటే ఏం చేయాలో షాపు గోడమీద రాసి ఉండాలి.