చిట్టెలుకల్లో వైరస్ కణితులు: రోగనిరోధక శక్తి పాత్ర

పాలియోమా వైరస్ చిట్టెలుకల్లో సహజంగానే వ్యాపించి ఉంటుంది. పెరిగిన ఎలుకకు అది సోకినా సాధారణంగా హాని కలగదు. అదే వైరస్‌ను పుట్టిన 24 గంటలలోపు పిల్లకు ఎక్కిస్తే కొద్ది నెలల్లో లాలాజల గ్రంథులు, మూత్రపిండాలు మొదలైన పలు భాగాల్లో కణితులు ఏర్పడతాయి. వైరస్ మారలేదు; మారినది ఎలుక వయసు మాత్రమే.

నవజాత పిల్లల ప్రాధాన్యాన్ని మొదట వెల్లడించినవాడు లుడ్విక్ గ్రాస్. 1951లో ఆయన ల్యుకేమియా సోకిన ఎకెఆర్ జాతి ఎలుకల నుండి కణరహితంగా వడపోసిన ద్రవాన్ని సి3హెచ్ జాతి పిల్లలకు పుట్టిన వెంటనే ఎక్కించి, ఆ వ్యాధిని కలిగించగలిగాడు. కొన్ని పిల్లల్లో ల్యుకేమియాకు బదులు లాలాజల గ్రంథి కణితులు కనిపించాయి. వాటికి కారణమైన వైరస్‌ను సారా స్టీవార్ట్, బెర్నిస్ ఎడ్డీ కణజాల వర్ధనంలో పెంచి, పాలియోమా అని పేరు పెట్టారు.

కీలకమైన ప్రయోగాలు 1961లో వెలువడ్డాయి. పెరిగిన ఎలుకలకు ముందుగా వైరస్‌ను ఎక్కించి, తరువాత పాలియోమా కణితి కణాలను నాటితే అవి నిలదొక్కుకోలేదని అమెరికాలో కార్ల్ హాబెల్, స్వీడన్‌లో షోగ్రెన్ బృందం వేర్వేరుగా చూపారు. రసాయనాలతో పుట్టిన కణితుల్లో సాధారణంగా దేని ప్రతిజనకం దానిదే. ఒకే వైరస్ వల్ల పుట్టిన కణితులన్నింటికీ మాత్రం ఉమ్మడి ప్రతిజనకం ఉంటుంది. టీకాకు అవకాశం కల్పించినది ఈ లక్షణమే.

అయితే రక్షణ రెండు అంచెలుగా ఉంటుందని గుర్తించాలి. వైరస్‌ను అడ్డుకునేవి ప్రతిరక్షకాలు. రోగనిరోధకత గల తల్లి నుండి అవి పిల్లలకు సంక్రమించి తొలి రోజుల్లో కాపాడతాయి. కణితిగా మారిన కణాన్ని తొలగించే పని ప్రధానంగా టి-కణాలది. పుట్టిన వెంటనే థైమస్ గ్రంథిని తొలగించిన ఎలుకల్లో పాలియోమా కణితులు అధికమవుతాయి. అదే వంశపు పెరిగిన ఎలుకల లింఫ్ కణాలను వాటికి ఎక్కిస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. రక్తంలో ప్రతిరక్షకాల మోతాదును మాత్రమే కొలిచి కణితి నిరోధాన్ని అంచనా వేయడం అందువల్ల సరికాదు. విద్యార్థులు తరచుగా పొరపడేది ఇక్కడే.

కోళ్లలో వచ్చే మారెక్స్ వ్యాధిని అర్థం చేసుకోవడానికి ఈ విభజన ఉపయోగపడుతుంది. అక్కడ కారకం వేరు, హెర్పిస్ వర్గానికి చెందిన వైరస్. హ్యాచరీలో ఒకరోజు పిల్లకు వేసే టీకా కణితులను నివారిస్తుంది గాని, వైరస్ సోకడాన్ని, ఈకల ధూళి ద్వారా అది వెలువడడాన్ని పూర్తిగా ఆపదు. టీకా వేసిన మందలోనూ వైరస్ ఉండటాన్ని చూసి రైతు టీకా విఫలమైందని భావిస్తే, ఆ తేడాను విస్తరణ శాస్త్రవేత్త వివరించవలసి ఉంటుంది. పైగా రక్షణ ఏర్పడడానికి కనీసం వారం రోజులు పడుతుంది. పాత లిట్టరును తీయకుండా, షెడ్డును శుభ్రపరచకుండా కొత్త పిల్లలను దింపితే, ఆ వారంలోనే వైరస్ వాటికి సోకుతుంది.