మౌంటు రోడ్డు మూలలు

ఊరి నడిబొడ్డున నిలిచిన కట్టడములను చూచి, అవి ఆదినుండియు అట్లే యున్నవని తలంచుట సహజము. చెన్నపట్టణమున మన పిల్లలు పలువురు మౌంటు రోడ్డు మీదుగా బడికి పోవుచుందురు. నేడా వీధికి అన్నాశాలై యని పేరు. అందలి కొన్ని మూలలు ఏల మారినవో ఇచట వివరింప దలంచితిమి.

కట్టడము నిలుచుటకు గోడల బలమొక్కటే చాలదు. దానితో ఎవరికైన పని యుండవలెను. 1913లో వార్విక్ మేజరు అను ఆంగ్లేయుడు ఈ వీధిలో ఎలక్ట్రిక్ థియేటరును నెలకొల్పెను. కొలది యేండ్లకే అది మూతబడెను. కాని తపాలా శాఖవారు కొనుటచే ఆ శాల బ్రదికినది. తపాలా కచేరి ఆవరణలో నేటికిని దానిని చూడవచ్చును.

ఆ ప్రాంతముననే, రౌండు ఠాణా చేరువను, రఘుపతి వెంకయ్యగారు 1914లో గెయిటీ థియేటరును కట్టించిరి. వీరు మచిలీపట్నమునుండి వచ్చి ఈ నగరమున ఛాయాచిత్రకారులుగా స్థిరపడినవారు. చెన్నపురిలో భారతీయుడు కట్టించిన మొదటి సినిమా శాల అదియే. పిదప మింటు వీధిలో క్రౌను, పురసవాకమున గ్లోబు లేచినవి. ఆ మూడింటిలో నేడొక్కటియు లేదు. దొరగారి శాలను తపాలా బిళ్ళలు కాపాడినవి. మనవారి శాలకు సినిమా తప్ప వేరు పని దొరకలేదు. ఒకే తెర గల పెద్ద శాలలకు జనము తగ్గిన నాడు, శాల కంటె దాని క్రింది నేలకే వెల హెచ్చెను.

కొన్ని మూలలను నిప్పు మార్చినది. ఎఱ్ఱ ఇటుకల స్పెన్సరు దుకాణము 1980 దశకమున కాలిపోగా, ఆ చోటనే నేటి స్పెన్సరు ప్లాజా వెలసినది.

చట్టము చేసిన మార్పు మరింత విచిత్రము. 1953లో ఒక ప్రైవేటు బీమా సంస్థ ఇచట ఎత్తైన మేడకు పునాది వేసినది. 1956లో జీవిత బీమా జాతీయము కాగా, 1959లో అది ఎల్.ఐ.సి. భవనముగా తెరువబడెను. అప్పటికి దేశమున అంత యెత్తైన మేడ వేరొకటి లేదు. 1975లో మంటలు చెలరేగినను నిలిచినది. ఆ చట్టము వలననే జనరల్ ప్యాటర్సు రోడ్డు మూలనున్న 1897 నాటి భారత్ బీమా భవనము కూడ ఎల్.ఐ.సి. వశమయ్యెను. 2006లో దానిని కూల్చ నారంభింపగా, ప్రాచీన కట్టడముల అభిమానులు హైకోర్టు కెక్కి ఆపించిరి. అంతలోనే కొంత భాగము నేలకూలినది. ఒకే యజమాని, ఒకే వీధి. ఒక మేడకు గౌరవము, వేరొకదానికి గునపము!

2019లో ఈ వీధి క్రింద మెట్రో రైలు నడచినపుడు ఒక స్టేషనుకు ఎల్.ఐ.సి. అనియే పేరిడిరి. గెయిటీ పేర స్టేషను లేదు. దానిని గూర్చి తెలిసికొన గోరు విద్యార్థులు ఇంటిలోని తాతగారిని, అమ్మమ్మగారిని అడుగవలెను. అచట సినిమా చూచినవారు మనలో నింకను కలరు.