పనిలో ప్రమాదము: పెద్దలెరుగవలసిన న్యాయము



మన పల్లెలనుండి ఏటేట ఎందరో కూలిపనులకై దూరప్రాంతములకు పోవుచున్నారు. పాలమూరు కూలీలు దేశమందలి ఎన్నియో ఆనకట్టలకును కాలువలకును చెమటోడ్చిరని ప్రసిద్ధి. శ్రీకాకుళము ప్రాంతమువారు ఇండ్లు కట్టు పనులకై మహానగరములకు వలసపోవుట మీరెరిగినదే. పోయినవారిలో పెక్కురు క్షేమముగా తిరిగివచ్చుచున్నారు. కాని యొక్కొక్కప్పుడు మనిషికి మారుగా శవము వచ్చును. దాని వెంట మేస్త్రి యొకడు కొంత పైకమును, ఒక కాగితమును తెచ్చును. అప్పుడు రచ్చబండ యొద్ద కూర్చుండి మాట చెప్పవలసినవారు మీరే. ఆ గడియలో మీకు తెలిసియుండవలసిన న్యాయమును గూర్చియే నేటి ప్రసంగము.

ఈ విషయమును నేను ఎన్నుకొనుటకు కారణము కలదు. 2011వ సంవత్సరమున మా యూరి యువకుడొకడు, ముప్పదియేండ్లవాడు, పట్టణమున మేడ కట్టుచుండగా పరంజిపైనుండి పడి మరణించెను. అతని నెలసరి కూలి ఆరువేల రూపాయలు. మేస్త్రి అరువదివేలు తెచ్చి, ఇక నెట్టి తగవును లేదని కాగితము వ్రాయుమనెను. ఊరిలో చదువరిని గనుక ఆ కాగితమును వ్రాసినవాడను నేనే. పెద్దలందరును సాక్షులైరి. ఆతని భార్య వ్రేలిముద్ర వేసెను. దానిని మేము పుణ్యకార్యమనియే భావించితిమి.

కొన్నియేండ్లకు చట్టమును చదివినపుడు నా తప్పు నాకు తెలిసినది. ఆమెను కనుగొని, నీకు రావలసినది ఇంతకు పదిరెట్లని చెప్పితిని. ఆమె కోపింపలేదు. "పంతులుగారూ, మీరు రాసిన కాగితమని వేలు వేశాను" అని మాత్రమే అనినది. అప్పటికి దావా వేయవలసిన గడువు దాటినది. మేస్త్రి జాడ లేదు. తోడి పనివారు చెల్లాచెదరైరి. నావంటి పొరపాటు మరియొక యూర జరుగకుండవలెనని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

పనిచేయించుకొని కూలి యెగవేయుట మన ధర్మశాస్త్రములు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో నొకటి. కాని పనిలో చచ్చినవాని కుటుంబమునకు యజమాని పరిహారమీయవలెనను నిబంధన మన దేశమున 1923వ సంవత్సరపు చట్టముతో వచ్చినది. ఆ చట్టము ఇప్పుడు వేరుగా లేదు. 2020వ సంవత్సరపు సాంఘిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చి, దానిని తనలో చేర్చుకొన్నది. పేరు మారినను ముఖ్యసూత్రములు నిలిచియున్నవి.

మొదటి సూత్రమేమనగా, పని మూలమునను, పని సమయమునను కలిగిన ప్రమాదమునకు యజమాని బాధ్యుడు. ఆతని తప్పును ఋజువు చేయనక్కరలేదు. ఇంటినుండి పనికి పోవునపుడును, పనినుండి ఇంటికి వచ్చునపుడును జరిగిన ప్రమాదము సైతము, పనితో దానికి సంబంధమున్నచో, ఈ లెక్కలోనికే వచ్చునని క్రొత్త స్మృతి చెప్పుచున్నది.

రెండవది పరిహారపు లెక్క. ఇది యజమాని దయమీద గాని, పెద్దల బేరముమీద గాని ఆధారపడినది కాదు. మరణించినచో నెలవేతనములో సగమును, వయస్సునుబట్టి చట్టము నిర్ణయించిన యంకెతో హెచ్చింపవలెను. ఇరువదియేండ్లవానికి ఆ యంకె 224, ముప్పదియేండ్లవానికి 207.98, నలువదియేండ్లవానికి 184.17, ఏబదియేండ్లవానికి 153.09. మా యూరి యువకుని లెక్క చూడుడు. ఆరువేలలో సగము మూడువేలు. దానిని 207.98తో హెచ్చించిన 6,23,940 రూపాయలు. మేమిప్పించినది అరువదివేలు! ప్రాణము దక్కియు ఏ పనికిని పనికిరాకుండ శాశ్వతముగా అవిటివాడైనచో, సగమునకు మారుగా నూటికి అరువదివంతులు గ్రహింపవలెను. లెక్కకు తీసికొనదగు వేతనమునకు ప్రభుత్వము హద్దు నిర్ణయించును. పనివానికి ఇ.ఎస్.ఐ. భీమా యున్నచో, యజమానికి మారుగా ఆ సంస్థయే ఆశ్రితులకు భరణమిచ్చును.

మూడవది మనకు మిక్కిలి ముఖ్యము. నా హక్కును వదలుకొంటినని పనివాడు గాని, ఆతని వారు గాని వ్రాసియిచ్చిన కాగితము చెల్లదు. అంతేకాదు, మరణించినవాని పరిహారమును యజమాని కుటుంబము చేతికీయరాదు. నియమితుడైన అధికారి యొద్ద జమకట్టవలెను. ఆశ్రితులెవరో విచారించి, ఆ యధికారియే పంచిపెట్టును. స్త్రీలకును మైనరు బిడ్డలకును చెందు ధనమును వారి మేలుకై నిలువచేయించు అధికారమాతనికి కలదు. కావున మేస్త్రి తెచ్చిన పైకము కర్మకాండకును తక్షణావసరములకును పనికివచ్చు బయానా మాత్రమే. పుచ్చుకొనవచ్చును, కాని "ఇంతటితో సరి" అను మాట వ్రాయరాదు.

ఇట్టి సమయమున కొన్ని యాక్షేపణలు వినవచ్చును. "వాడు త్రాగి పడినాడు" అందురు. త్రాగుడు, ఉద్దేశపూర్వకమైన ఆజ్ఞోల్లంఘనము మొదలగు కారణములు చిన్న గాయముల విషయమున యజమానికి అడ్డు కావచ్చును. మరణించినపుడును, శాశ్వతముగా పూర్తి అవిటితనము కలిగినపుడును కావు. "నేను మేస్త్రిని, నాయొద్ద సొమ్ములేదు" అనును. కంట్రాక్టరు ద్వారా తన పని చేయించుకొన్న అసలు యజమానియు బాధ్యుడే. "దావాకు ఆ పట్టణమునకే పోవలె" నందురు. అదియు నిజము కాదు. ప్రమాదము జరిగినచోట గాని, కుటుంబము నివసించు ప్రాంతమున గాని దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

మరి ప్లీడరు ఖర్చు ఎవరు భరింతురు? బీదరికముచే న్యాయము దొరకకుండ పోరాదని రాజ్యాంగమున 39-ఎ అధికరణము 1976వ సంవత్సరపు సవరణముతో చేర్చబడినది. ఆ యాశయముతో వచ్చిన న్యాయ సేవాధికార సంస్థల చట్టము 1987లో చేయబడి, 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చినది. స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని, వికలాంగులకును, పరిశ్రమలలోని పనివారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా ప్లీడరును నియమింతురు. ఇతరులకు ఆదాయపరిమితి కలదు. కాబట్టి మరణించినవాని భార్య స్త్రీ యగుటచేతనే అర్హురాలు. కోర్టుల ఆవరణములోనుండు మండల న్యాయ సేవాధికార సంఘమునందు గాని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థయందు గాని దరఖాస్తు నీయవచ్చును. 15100 అను సంఖ్యకు టెలిఫోను చేసినను దారి చెప్పుదురు. ఏ యధికారి యొద్ద దావా వేయవలెనో వారే తెలుపుదురు.

ఆ సంస్థలే లోక్ అదాలతులను నడుపును. అచ్చట ఉభయులు సమ్మతించినచో ఆ తీర్పు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. ఖర్చు లేకుండ, త్వరగా తగవు తీరును. కాని అప్పీలు లేదు గనుకనే, సమ్మతించుటకు ముందు పైన చెప్పిన లెక్కను వేసిచూచుకొనవలెను.

ఇక మీరు చేయవలసినది చెప్పి ముగించెదను. దుర్వార్త వచ్చిన దినముననే పోలీసు నివేదికను, శవపరీక్ష పత్రమును, మరణ ధ్రువపత్రమును సంపాదింపుడు. తోడి పనివారి పేర్లు, ఊళ్లు వ్రాసియుంచుడు. కూలి ముట్టిన లెక్కలు, బ్యాంకు పుస్తకము, పనిచోటి ఛాయాచిత్రము ఏదియున్నను భద్రపరుపుడు. ప్రమాదమును గూర్చి యజమానికి వెంటనే వ్రాతమూలకముగా తెలుపుడు. దావాకు గడువు కలదు. దుఃఖముతో మాసములు గడుపవలదు. సహేతుకమైన జాప్యమును అధికారి మన్నింపవచ్చును గాని, దానిని నమ్ముకొనియుండుట తగదు.

పెద్దల మాటను బీదలు కాదనజాలరు. మనము వ్రాసిన కాగితమును వారు చదువరు. మన మొగము చూచి వ్రేలు వేయుదురు. ఆ వ్రేలిని పట్టి కాగితముపై నొత్తించుటకు ముందు, ఆమెను ఒకమారు న్యాయ సేవా కార్యాలయమునకు తోడ్కొనిపోవుట మన ధర్మము. సెలవు.