రాజమహేంద్రవరపు స్నానఘట్టములు

పాపికొండల ఇరుకున ఒదిగి వచ్చిన గోదావరి, ధవళేశ్వరమునకు దిగువను పాయలుగా చీలుటకు ముందు, ఇంచుమించు 3 కిలోమీటర్ల వెడల్పున విచ్చుకొని అఖండ గోదావరియై పారు తావున, రాజమహేంద్రవరము తన స్నానఘట్టములను తీర్చుకొన్నది. కోటిలింగేశ్వరుని పేర నొకటి, మార్కండేయేశ్వరుని పేర నొకటి, గౌతమీ ఘట్టమని వేరొకటి; అన్నిటికన్న పేరెక్కినది పుష్కరాల రేవు.

వేకువ నచ్చట నిలిచి చూడవలెను. పాచిపట్టిన అడుగుమెట్టుపై కాలు జారకుండ వ్రేళ్ళు బిగబట్టి నడుములోతున దిగిన ఇల్లాలు, ముక్కు పట్టుకొని ముమ్మారు మునిగి, దోసిట నీరెత్తి సూర్యునకు అర్ఘ్యమిచ్చి, పసుపుకుంకుమలు గోదారమ్మకు వదలి, గట్టెక్కి చీరకొంగు పిండుకొనును. ప్రక్కమెట్టున పురోహితుడు ఎవరికో సంకల్పము చెప్పుచుండును. ఆవలిమెట్టున తండ్రికి పిండప్రదానము చేయు కుమారుడు మౌనముగ కూర్చుండియుండును.

మెట్లు ఇన్ని వరుసలుగా ఉండుటకు కారణము నది పొంగు. ధవళేశ్వరము కడ నీటిమట్టము 11.75 అడుగులైనచో మొదటి హెచ్చరికయు, 13.75 అయినచో రెండవదియు, 17.75 అయినచో మూడవదియు జారీ చేయుదురు. 1986 ఆగస్టు వరదను చూచినవారు నేటికిని ఆ యేటినే కొలతగా చెప్పుకొందురు. వరద తీసిన వెనుక పేరుకొన్న ఒండ్రును పారలతో ఎత్తి కడిగినగాని రేవు మరల స్నానయోగ్యము కాదు.

వేసవి సంగతి వేరు. ఇసుకతిన్నెల నడుమ సన్నగిల్లు నది, 1847–1852 నడుమ ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్టచే ఎగువన నిలువ నేర్చినది. పొలములకై తలపెట్టిన ఆ కట్ట ఊరి రేవులకు గూడ మేలు చేయుట, కాటన్ దొర కీర్తిలో మనము చాలినంతగా తలపని భాగము.

1900లో హేవలాక్ రైలువంతెన ఏర్పడినది మొదలు యాత్రికుల రాక సుకరమయ్యెను. గోదావరి స్టేషనులో దిగినవారికి పుష్కరాల రేవు కాలినడక దూరము. బృహస్పతి సింహరాశిని ప్రవేశించిన తొలి 12 దినములలో, అనగా గోదావరి పుష్కరములలో, జనమంతయు ఆ ఒక్క రేవుననే క్రిక్కిరియుటకు ఆ చేరువయు, ఆ పేరును తోడైనవి. 2015 జూలై 14 ఉదయమున, పుష్కరముల తొలిదినముననే, అచ్చటి తొక్కిసలాటలో 27 మంది ప్రాణములు కోల్పోయిరి. ఇరుప్రక్కల వేరు రేవులును, ఎదురుగట్టున కొవ్వూరు గోష్పాదక్షేత్రమును ఉండగా సంభవించిన ఆ మరణములు నా మనస్సును ఇప్పటికిని కలచును. నది అంతయు తీర్థమేనని పెద్దలు చెప్పగా వినుచునే ఒక్క రేవునకై ఒకరినొకరు త్రోసికొనుట ఏ శాస్త్రమును విధించినది కాదు.

బృహస్పతి చుట్టు 12 ఏండ్లకు ఇంచుక తక్కువ. అందుచే 2003లో జూలై 30న, 2015లో జూలై 14న ఆరంభమైన పుష్కరములు 2027లో జూన్ 26ననే రానున్నవి. అనగా ఈమారు నదిలో కొత్తనీరు చాలినంత దిగకమునుపే, సార్వాకై కాలువలకు నీరు వదలు దినములలోనే, స్నానములు జరుగవలసియున్నవి. రేవులు నిండుటకు ఆనకట్ట ఎగువ నిలువయే ముఖ్యాధారము. రేవు రేవునకు లోతు కొలిచి, పూడిక తీయించి, ఏ స్టేషనులో దిగినవారు ఏ రేవునకు పోవలెనో ముందుగనే తెలియజెప్పు ఏర్పాట్లు ఇప్పటినుండియే సాగవలెను.