ఖాళీ కోసం కట్టిన చెరువు

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడిన షాంటిలీ, ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలోనిది. ఇళ్ల కప్పులూ పార్కింగ్ స్థలాలూ నేలను కప్పేసినకొద్దీ ఇంకవలసిన వాన ఒక్కసారిగా వాగుల మీద పడడం ఈ కౌంటీ అంతటికీ ఉన్న సమస్య. ఇక్కడి పోహిక్ వాగు పరీవాహకంలో 1970, 80 దశకాల్లో హంట్స్‌మన్, రాయల్, బార్టన్, వుడ్‌గ్లెన్ వంటి చెరువులకు మట్టికట్టలు వేయడానికి కారణం అదే. చిన్న పరీవాహకాల్లో వరద నివారణకు 1954లో వచ్చిన సమాఖ్య చట్టం, అలాంటి ఇతర సమాఖ్య కార్యక్రమాల కింద దేశమంతటా దాదాపు 12 వేల కట్టలు లేచాయి.

మట్టికట్ట ప్రాచీనమైనదే అయినా, దానిని లెక్కకు లొంగదీసింది 1933లో లాస్ ఏంజెలెస్ ఇంజనీరు ప్రాక్టర్ ప్రకటించిన పరిశోధన: ఏ మట్టికైనా ఒకానొక తేమ వద్దనే రోలరు కింద అత్యధిక సాంద్రత వస్తుందని ఆయన తేల్చాడు. అలా కుదించినా నీరు ఊరడం ఆగదు. ఊటతోపాటు మట్టి రేణువులు జారిపోతే కట్టలో సొరంగం పడుతుంది కాబట్టి, నీటిని వదిలి రేణువులను ఆపే ఇసుక పొరను లోపల అమరుస్తారు.

ఇలాంటి వరద కట్ట పనితనమంతా నీటి మట్టాల్లో ఉంది. చెరువులో నిలువుగా నిలిపిన కాంక్రీటు తూము అంచు వరకు నీరు ఎప్పుడూ ఉంటుంది. చేపల వేటకూ పడవలకూ నీటిపక్షులకూ అదే ఆధారం. ఆ అంచుకూ, కట్ట పక్కన గడ్డి పెంచిన అలుగుకూ మధ్య చోటును ఖాళీగా ఉంచుతారు. వరద అక్కడ చేరి, తూము నుంచి కట్ట కిందుగా వేసిన గొట్టంలో పట్టినంతే మెల్లగా దిగిపోతుంది. అంతకు మించినదే అలుగు పారుతుంది. అలుగు దాకా నిండితేనే సంబరపడే కాకతీయుల నాటి చెరువుల ఆయకట్టు రైతుకు ఇది వింతగా తోచవచ్చు గానీ, ఇక్కడ విలువంతా ఆ ఖాళీదే.

వరద నివారణ, వినోదం, వన్యప్రాణులకు ఆశ్రయం అనే మూడు ప్రయోజనాలకూ పొత్తు పూర్తిగా కుదరదు. బీవర్లు కొమ్మలతో తూమును మూసేస్తాయి, నీటి ఎలుకలు కట్టను తొలుస్తాయి, చెట్ల వేళ్లు కుళ్లితే నీటికి దారులవుతాయి. అందుకే ఒడ్డున వన్యప్రాణులకు చోటిచ్చి, కట్ట మీద మాత్రం గడ్డిని కత్తిరిస్తూనే ఉంటారు. పూడిక మరో శత్రువు: హంట్స్‌మన్ చెరువును 2013-14లో ఖాళీ చేసి తవ్వవలసి వచ్చింది. ఇలాంటి కట్టల్లో చాలావాటిని 50 ఏళ్ల ఆయుష్షుకే రూపొందించినందున, పునరుద్ధరణకు నిధులిచ్చేలా 2000లో ఆ 1954 నాటి చట్టాన్ని సవరించారు. వరద భయం తగ్గిందని దిగువన ఇళ్లు పెరిగిన చోట, పొలాలను కాపాడడానికి వేసిన కట్ట కూడా అత్యధిక ప్రమాద వర్గంలోకి చేరుతుంది. అప్పుడు దాని అలుగును మరింత పెద్ద వరదకు సరిపోయేలా తిరిగి కట్టవలసి వస్తుంది.