పని అయింది, పైకం ఏదీ?

జెద్దా నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ్టి విషయం చేసిన పనికి డబ్బు రాబట్టుకోవడం.

మన ఊళ్ళలో ఒకప్పుడు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు, గుర్తుందా? దెయ్యం వచ్చి, అది చదువుకుని, వెనక్కి వెళ్ళిపోయేదట. ఇక్కడ చిన్న వ్యాపారులకు "బుక్రా" అన్న మాట అలాంటిదే. కాకపోతే రోజూ వచ్చి తిరిగిపోయేది మనమే!

సౌదీలో వ్యాట్ నమోదు ఉన్నవారికి 2021 డిసెంబరు 4 నుంచి ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్ తప్పనిసరి అయింది. ఆ హడావిడిలో నేను పనిచేసే చిన్న సంస్థ షరఫియాలో ఒక దుకాణానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టింది. మా బిల్లు 10,000 రియాళ్ళు, దాని మీద 15 శాతం వ్యాట్ 1,500. నాలుగు నెలలు తిరిగినా ఒక్క రియాలు రాలేదు.

అసలు దెబ్బ ఇంకొకటి ఉంది. పని అప్పగించిన తేదీ, ఇన్‌వాయిస్ తేదీ, డబ్బు అందిన తేదీ: వీటిలో ఏది ముందైతే అప్పుడే వ్యాట్ లెక్కలోకి వస్తుంది. కాబట్టి చేతికి రాని డబ్బుకి మేమే పన్ను కట్టాం. ఆ నెల మా కుర్రాళ్ళ జీతాలు ఆలస్యమయ్యాయి. వాళ్ళ ఇళ్ళకి డబ్బు వెళ్ళలేదు. చివరికి యజమాని "పని సరిగా పూర్తి కాలేదు" అన్నాడు. పూర్తయిందని అతని సంతకం మా దగ్గర లేదు. 7,000కి సర్దుకున్నాం.

అప్పుడు నేర్చుకున్నవి చెబుతాను. ఒకటి, కొంత అడ్వాన్సు తీసుకుని, మిగతాది పని దశల వారీగా వసూలు చేయండి. రెండు, పని అప్పగించిన రోజే సంతకం, ముద్ర తీసుకోండి. మూడు, ఏడాదికి 50 లక్షల రియాళ్ళ లోపు వ్యాపారమైతే, డబ్బు అందాకే వ్యాట్ కట్టే క్యాష్ పద్ధతికి అనుమతి అడగవచ్చు. నాలుగు, వాయిదాల మీద పని చేస్తే న్యాయశాఖ వారి నాఫిద్‌లో ప్రామిసరీ నోటు, అంటే "సనద్ లి అమ్ర్", రాయించుకోండి. గడువు దాటితే మళ్ళీ దావా వేయకుండా, నాజిజ్ ద్వారా నేరుగా అమలు కోర్టుకి వెళ్ళవచ్చు.

ఒక హెచ్చరిక. వేరొకరి లైసెన్సు చాటున సొంత వ్యాపారం చేయకండి. 2020 నాటి తసత్తుర్ చట్టం కింద 5 ఏళ్ళ వరకు జైలు, 50 లక్షల రియాళ్ళ వరకు జరిమానా ఉన్నాయి. పైగా బిల్లు మీ పేరున లేకపోతే బాకీ ఏమని అడుగుతారు?

ఇండియాలో మీ అన్నదమ్ములు చిన్న వర్క్‌షాపు నడుపుతుంటే వారికీ చెప్పండి. ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 చట్టం ప్రకారం 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్ల వడ్డీ. ఫిర్యాదు చేసుకునే వీలూ ఉంది.

మన కష్టం మనం అడగడంలో నామోషీ ఏమీ లేదండీ. కాకపోతే పని మొదలుపెట్టే ముందే కాగితం మీద అడగాలి. సెలవు.